‘కొత్త లేబర్ చట్టం వచ్చేసింది’ అని ఫార్వర్డ్ వచ్చిందా? పండగ చేసుకునే ముందు ఇవి చూడండి

ఆఫీసు టైమ్ అయ్యాక బాస్ ఫోన్ ఎత్తక్కర్లేదట, తండ్రులకూ లీవట, రోజుకు పది గంటల పనట... ఈ మధ్య ఫ్యామిలీ గ్రూపుల్లో ఇలాంటివి వారానికొకటి తిరుగుతున్నాయి. కొన్ని నిజం, కొన్ని సగం నిజం, కొన్ని ఎవరో ఎంపీ సభలో పెట్టిన కాగితం మాత్రమే. ఉద్యోగం, ఇల్లు రెండిటికీ తగిలే ఇలాంటి మార్పు ప్రతిపాదనలో ఉండగానే దాన్ని ఎలా చదవాలో, మన మాట ఎక్కడ చెప్పాలో రాస్తున్నాను. లాయరు అవసరం లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు అది ఏ కాగితమో తేల్చుకోండి. 2025 డిసెంబర్‌లో ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ‘రైట్ టు డిస్‌కనెక్ట్’ బిల్లు (పైన చెప్పిన, ఆఫీసు టైమ్ అయ్యాక ఫోన్ ఎత్తక్కర్లేదన్న సంగతి ఇదే) పెట్టగానే, చట్టమే వచ్చేసినట్టు చాలామంది స్టేటస్‌లు పెట్టేశారు. అది ప్రైవేట్ మెంబర్ బిల్లు, అంటే మంత్రి కాకుండా మామూలు సభ్యులు పెట్టేది. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. విషయం మీద చర్చ మొదలవడానికి పనికొస్తాయి, కాదనను. కానీ దాన్ని చూపించి హెచ్ఆర్‌తో గొడవకు దిగితే మీ పరువే పోతుంది. మంత్రి పెట్టిన ప్రభుత్వ బిల్లయితే లెక్క వేరు, అది పాసయ్యే అవకాశం చాలా ఎక్కువ. దాన్ని పార్లమెంటు స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) పంపితే ఆ కమిటీ జనం నుంచి అభిప్రాయాలు అడుగుతుంది, గడువు మాత్రం తక్కువ ఇస్తారు. ఇక ‘ముసాయిదా నిబంధనలు’ (చట్టాన్ని ఎలా అమలు చేయాలో చెప్పే రూల్స్‌కు చిత్తుప్రతి) అని ప్రభుత్వ గెజిట్‌లో వచ్చేవి ఉన్నాయి చూశారూ, అసలు పట్టించుకోవాల్సినవి అవి. పేపర్లలో మూలన చిన్న వార్తగా వచ్చి పోతాయి.

ఎందుకంటారా? 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి 29 పాత చట్టాల స్థానం తీసుకున్నాయి. ఆ కోడ్‌లు తెరిచి చదివితే, కీలకమైన చాలా చోట్ల ‘యాజ్ మే బి ప్రిస్క్రైబ్డ్’ అనే మాట తగులుతుంది. ఆ సంగతి నిబంధనల్లో చెబుతాం అని దాని అర్థం. ఉదాహరణకు 50 మంది ఉద్యోగులున్న సంస్థలో పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని సోషల్ సెక్యూరిటీ కోడ్ అంటుంది. బాగానే ఉంది. కానీ ఆ క్రెష్ ఆఫీసుకు ఎంత దూరంలో ఉండాలో కోడ్‌లో లేదు, అది నిబంధనల్లో తేలాలి. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చని చట్టం హక్కిచ్చినా, క్రెష్ నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటే హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఏ తల్లి వెళ్లొస్తుంది?

అత్తమామల విషయమూ ఇంతే. ఆ కోడ్‌లో ‘కుటుంబం’ నిర్వచనంలో మహిళా ఉద్యోగి మీద ఆధారపడిన అత్తమామల్నీ చేర్చారు. మంచి మార్పే. అయితే వాళ్ల ఆదాయం ఇంతకు మించకూడదన్న షరతు ఉంది, ఆ ‘ఇంత’ ఎంతో కేంద్రం నిబంధనల్లో చెప్పాలి. మామగారికి చిన్న పెన్షన్ వస్తుంటే ఆయన లోపలా బయటా అన్నది ఆ ఒక్క అంకె తేలుస్తుంది. అందుకే చట్టం వచ్చింది కదా అయిపోయింది అనుకోకండి, సగం కథ నిబంధనల దగ్గరే నడుస్తుంది.

సరే, చదవడం ఎలా? సవరణ బిల్లు ఒక్కటే తెరిస్తే ఏమీ అర్థం కాదు. ‘ఫలానా సెక్షన్‌లో తొమ్మిది గంటలు అన్న చోట పది గంటలు అని చదువుకోవాలి’ అన్న ధోరణిలో ఉంటుంది. పక్కన అసలు చట్టం పెట్టుకోవాల్సిందే. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టానికి సవరణలు తెచ్చినప్పుడు, రోజువారీ పరిమితి తొమ్మిది గంటల నుంచి పదికి, విశ్రాంతి లేకుండా ఏకబిగిన పనిచేసే సమయం ఐదు గంటల నుంచి ఆరుకు, మూడు నెలల్లో చేయించగల ఓవర్‌టైమ్ 75 గంటల నుంచి 144కు పెంచే ప్రతిపాదనలు చేసింది. టీవీల్లో ‘పది గంటలు’ అన్న ఒక్క మాట మీదే రచ్చ నడిచింది. నన్నడిగితే ఓవర్‌టైమ్ అంకె దగ్గర ఎక్కువ ఆగాలి, అది దాదాపు రెట్టింపు. ఇంకోటి, ఆ చట్టంలో రోజువారీ గంటలు చెప్పేది 54వ సెక్షన్. రోజుకు తొమ్మిది గంటలు లేదా వారానికి 48 గంటలు దాటితే డబుల్ జీతం ఇవ్వాలనేది 59వ సెక్షన్. 54ను మార్చినప్పుడు 59ని ఏం చేశారన్నదే మీ జేబుకు తగిలే ప్రశ్న. ఆ పదో గంటకు డబుల్ వస్తుందా రాదా అన్నది అక్కడ తేలుతుంది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో కోడ్ వచ్చింది కానీ చదివే పద్ధతి మారదు. ఒక సెక్షన్ మారితే దాన్ని ఆనుకుని ఉన్న మిగతా సెక్షన్ల సంగతి చూడాలి.

ఎవరికి వర్తిస్తుందో కూడా చూసుకోండి, ఎక్కువ గందరగోళం ఇక్కడే. ప్రసూతి సెలవుకు పిల్లల సంఖ్య పరిమితిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో తీసేసింది, అయితే అది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినుల సర్వీసు నిబంధనల్లో. ప్రైవేట్ కంపెనీలో పనిచేసేవాళ్లకు చట్టప్రకారం 26 వారాలు, ఇద్దరు పిల్లలుంటే మూడో కాన్పుకు 12 వారాలు, అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. వదినకు వచ్చింది కదా నాకూ రావాలి అంటే కుదరదు.

ఇక అభ్యంతరం రాయడం. ముసాయిదా మీద జనం మాట వినాలన్నది ఎవరి దయా కాదు. ముందస్తు ప్రచురణ తప్పనిసరి అని మూల చట్టంలో (ఆ నిబంధనలు ఏ చట్టం కింద వస్తున్నాయో అందులో) ఉంటే, 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ముసాయిదా ప్రచురించి, తేదీ చెప్పి, ఆలోగా వచ్చిన అభ్యంతరాలు, సూచనలు పరిశీలించాకే తుది నిబంధనలు చేయాలి. సాధారణంగా 30 లేదా 45 రోజులు ఇస్తారు. చిరునామా, ఈమెయిల్ నోటిఫికేషన్ మొదటి పేజీలోనే ఉంటాయి. కార్మిక చట్టాలు ఉమ్మడి జాబితాలోవి, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చేయగలిగేవి కాబట్టి నిబంధనలు కేంద్రానివా రాష్ట్రానివా చూసుకోండి. ఢిల్లీ ముసాయిదా మీద విజయవాడకు రాస్తే పనికాదు.

రాసేటప్పుడు ‘మహిళలకు అన్యాయం, వెంటనే ఉపసంహరించుకోవాలి’ అని రెండు పేజీల ఆవేదన వద్దు. చదివే గుమాస్తా దాన్ని ఏ నిబంధన కింద ఎక్కించుకోవాలో తెలియక పక్కన పెట్టేస్తాడు. నిబంధన నంబరు, అందులో ఇబ్బంది ఏమిటో, దాని బదులు ఏ వాక్యం ఉండాలో, ఈ మూడూ చాలు. రాత్రి షిఫ్టు సంగతే తీసుకోండి. మహిళల్ని వాళ్ల సమ్మతితో ఉదయం 6కు ముందు, సాయంత్రం 7 తర్వాత పనిలో పెట్టుకోవచ్చని నాలుగింటిలో మరో కోడ్ (వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితులది) అంటుంది, భద్రత షరతులు నిబంధనలకు వదిలేసింది. అప్పుడు ఇలా రాయొచ్చు:

‘నిబంధన నం. ___: ఇందులో సమ్మతి ఎలా తీసుకోవాలో లేదు. నియామక పత్రంలోనే ముందస్తుగా సంతకం పెట్టించుకునే అవకాశం ఉంది. దీని బదులు: సమ్మతి విడిగా, లిఖితపూర్వకంగా తీసుకోవాలి, ఉద్యోగిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ఆ కారణంతో తొలగించడం గానీ జీతం తగ్గించడం గానీ చేయరాదు, వాహనం ఇంటి గుమ్మం దాకా రావాలి, మెయిన్ రోడ్డు దగ్గర దింపరాదు.’

అంతే. తెలుగులో రాయొచ్చు, కేంద్రానికైతే ఇంగ్లిష్ కాపీ కూడా జత చేయండి. వందమంది ఒకే మెసేజ్ కాపీ కొట్టి పంపడం కన్నా పదిమంది తమ తమ షిఫ్టు, తమ తమ ఇబ్బంది రాస్తే బరువుంటుంది. యూనియన్ ఉంటే వాళ్ల లెటర్‌హెడ్ మీద ఒకటి, మీ సొంతంగా ఒకటి పంపండి. కంపెనీ మెయిల్ ఐడీ నుంచి మాత్రం పంపకండి, లేనిపోని టెన్షన్. మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టు కూడా చేసి రసీదు దాచుకోండి.

తుది నోటిఫికేషన్ వచ్చిన రోజు దాన్ని ముసాయిదా పక్కన పెట్టి చూడండి, మీరడిగిన మాట ఎక్కడైనా చేరిందేమో. చేరకపోయినా దారి మూసుకుపోదు. ఈ కోడ్‌ల కింద రాష్ట్రం చేసే నిబంధనల్ని శాసనసభ ముందు, కేంద్రం చేసేవాటిని పార్లమెంటు ముందు పెట్టాలి. పార్లమెంటుకైతే వాటిని మార్చే, రద్దుచేసే అధికారం కూడా ఉంది. సమావేశాలు మొదలయ్యే ముందు అదే కాగితం, రసీదు కాపీతో సహా, మీ ఎంపీ ఆఫీసులోనో ఎమ్మెల్యే ఆఫీసులోనో ఇచ్చి, దీని మీద సభలో ప్రశ్న వేయమని అడగండి.