పాత సీడీ ప్లేయర్: డాక్ చిప్‌ను వదిలేసి దాని చుట్టూ చేయాల్సిన పని

ఒకప్పుడు గల్ఫ్ వెళ్లొచ్చిన ప్రతి రెండో ఇంట్లో టీవీ పక్కన సీడీ ప్లేయర్ కనిపించేది. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి ఇప్పటికీ హన్మకొండలో నా బల్ల మీదికి అలాంటివి వస్తుంటాయి. తెచ్చినవాళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, ఇండ్లున్న డాక్ చిప్ తీసి మంచిదెయ్యరాదే?" వద్దంటాను. డాక్ అంటే సీడీలోని అంకెలను పాట సిగ్నల్‌గా మార్చే చిప్, అది బాగానే ఉంటుంది. ముసలితనం వచ్చేది దానికి కరెంటు ఇచ్చే భాగానికి. ఆ తర్వాత చూడాల్సింది దాని వెనకున్న ఆప్ యాంప్, అంటే డాక్ ఇచ్చే సిగ్నల్‌ను అందుకునే చిన్న ఐసీ. డబ్బు పెడితే అక్కడ పెట్టాలి.

ఫిలిప్స్, మరాంట్జ్ పాత మోడళ్లలో ఎక్కువగా కనిపించే టీడీఏ 1541 గురించే చెబుతాను. ఇది 28 కాళ్ల 16 బిట్ ఐసీ. లోపల రెండు డాక్‌లు, ఎడమకొకటి, కుడికొకటి. ఇది బయటికిచ్చేది వోల్టేజి కాదు, కరెంటు. అదీ అంతా కలిపి 4 మిల్లీ ఆంపియర్లు. దాన్ని వోల్టేజిగా మార్చి, వడగట్టి, వెనక సాకెట్ దగ్గరికి సుమారు 2 వోల్టులుగా తెచ్చే పని ఆప్ యాంప్‌ది. కిరీటం గుర్తున్న (ఏరి తీసిన మేలు రకం) 1541 అంటూ ఆన్‌లైన్‌లో ఎక్కువ ధరకు అమ్మేవాటిలో మామూలు చిప్ మీద కొత్తగా అచ్చేసిన డూప్లికేట్లు చాలా ఉన్నాయి. ఒరిజినల్ తీసి డూప్లికేట్ పెట్టుకోకండి.

మూత తీసే ముందు ఒక డిస్క్ మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఆగకుండా ఆడుతుందో లేదో చూడండి. లేజర్ పోయినదానికి డాక్ పని దండగ. ఏనుమాముల మార్కెట్ దగ్గరి ఇళ్ల నుంచి వచ్చేవాటిలో ముందు పత్తి నూగు దులపాలి, అది వేరే కథ. ఫిలిప్స్ సీడీ 104 లాంటి ఇంకా పాతవాటిలో ఉండేది ముందు తరం డాక్, టీడీఏ 1540. వాటిలో బోర్డు పైట్రాకును కింది ట్రాకుతో కలిపే చిన్న లోహపు గొట్టాల దగ్గర సోల్డర్ పగులుతుంది. ముందు వాటికి రెండు వైపులా మళ్లీ సోల్డర్ పెట్టండి. సగం కంప్లయింట్లు అక్కడే పోతాయి.

ఇక సప్లై, అంటే డాక్‌కు కరెంటు ఇచ్చే భాగం. ప్లేయర్ ఆన్ చేసి, మీటర్ నల్ల తీగ 5వ కాలికి పెట్టి కొలవండి. 28వ కాలి దగ్గర +5, 26 దగ్గర −5, 15 దగ్గర −15 వోల్టులు రావాలి. మీటర్ ముల్లు జారి పక్క కాలికి తగిలితే చిప్ పోతుంది కాబట్టి ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో నిదానంగా కొలవండి. తర్వాత అవే చోట్ల ఏసీ రేంజిలో చూడండి. కొన్ని చవక మీటర్లు డీసీని కూడా కలిపేసి తప్పు అంకె చూపిస్తాయి. ఎర్ర తీగకు 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ ఒకటి సిరీస్‌లో పెడితే ఆ గోల ఉండదు. కొద్ది మిల్లీ వోల్టులు కనిపిస్తే పరవాలేదు. పదుల్లో ఉంటే రెగ్యులేటర్ (వోల్టేజిని నిలకడగా ఉంచే భాగం) ముందున్న పెద్ద కండెన్సర్లు ఎండిపోయాయన్నట్టే.

వాటిని మార్చేటప్పుడు 105 డిగ్రీల రకం కొనండి. వరంగల్ ఎండల్లో మూసిన డబ్బాలో 85 డిగ్రీలది ఎక్కువకాలం ఆగదు. వోల్టు రేటింగ్ పాతదానికి తగ్గకూడదు. మైక్రోఫారడ్ కాస్త పెరిగితే ఫరవాలేదు కానీ మూడింతలు చేస్తే ఆన్ చేసిన ప్రతిసారీ డయోడ్ల మీద బరువు పడుతుంది. ఇక్కడ దొరకనివి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ప్లగ్ తీసి, పెద్ద కండెన్సర్లను ఒక రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేశాకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి.

డాక్ చుట్టూ 0.1 మైక్రోవి చిన్న కండెన్సర్లు 14 ఉంటాయి, ఎక్కువ విలువున్న బిట్‌ల కరెంటును సరిగ్గా పంచే పని కోసం. అవి ఫిల్మ్ (ప్లాస్టిక్ పొర) రకమైతే ముట్టుకోవద్దు. లావుపాటి ఖరీదైనవి తెచ్చి పొడవాటి తీగలతో వేలాడదీసినవి చూశాను. దాని వల్ల లాభం లేకపోగా రొద పెరుగుతుంది.

ఇప్పుడు ఆప్ యాంప్. చాలావాటిలో 5532 లేదా ఎల్ఎం 833 ఉంటుంది. ఐసీని అలాగే వేడి చేసి పీకితే ట్రాక్ లేచొస్తుంది. సన్న కట్టర్‌తో ఒంటి దగ్గర ఎనిమిది కాళ్లూ కత్తిరించండి. ఆ తర్వాత ఒక్కో కాలినీ ఐరన్‌తో తాకి, పట్టకారుతో బయటికి లాగండి. రంధ్రాలు సోల్డర్ పీల్చే పంపుతో శుభ్రం చేసి 8 కాళ్ల ఐసీ బేస్ వేయండి, గాటు పాతదాని వైపే ఉండాలి. బోర్డు కింద 4, 8 కాళ్ల మధ్య 0.1 మైక్రో సిరామిక్ ఒకటి దగ్గరగా పెట్టండి. ఇది లేకుండా వేగంగా పనిచేసే ఐసీ వేస్తే తనంతట తానే ఆసిలేట్ అవుతుంది, అంటే పాట లేకున్నా సిగ్నల్ పుట్టిస్తుంది. రెండు నిమిషాల తర్వాత వేలు పెడితే చురుక్కుమంటుంది, గుర్తు అదే. నేనైతే ఓపీఏ 2134 వేస్తాను, గొంతులు సాఫీగా వస్తాయి. మీ బోర్డులో ఉన్నది 5534 అయితే ఆగండి. అది ఒంటి ఐసీ, కాళ్ల వరస వేరు.

బయటికెళ్లే దారిలోని ఎలక్ట్రోలిటిక్ స్థానంలో 2.2 మైక్రో ఫిల్మ్ కండెన్సర్ చాలు. ఆంప్లిఫైయర్ ఇన్‌పుట్ 47 కిలో ఓమ్స్ అయితే బాస్ (లోతు శబ్దం) సుమారు 1.5 హెర్ట్జ్ దాకా దిగుతుంది. 10 కిలో ఓమ్స్ అయితే అదే 7 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, అయినా వినేవాడికి తేడా తెలియదు. అక్కడ శబ్దాన్ని కాసేపు ఆపే మ్యూట్ ట్రాన్సిస్టర్లను మాత్రం తీయొద్దు. అవి లేకపోతే ఆన్ చేసినప్పుడల్లా స్పీకర్‌కు "ఠప్" మని దెబ్బ.

మార్పు నిజమా, మన భ్రమా తేల్చడానికి ఒక ఉపాయం. ఒక్కో చానెల్‌కు విడి ఐసీ ఉంటే ముందు ఎడమది మాత్రమే మార్చండి. 1950ల నాటి మోనో పాటల సీడీ పెట్టి, బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పండి. రెండు వైపులా వచ్చేది ఒకే పాట కాబట్టి, తేడా అంటూ ఉంటే ఐసీదే. వినపడకపోతే రెండోదానికి డబ్బు ఖర్చు పెట్టకండి.

డాక్‌కు ముందు, సీడీ శాంపిళ్ల మధ్య అదనపు శాంపిళ్లు లెక్కగట్టి చేర్చే ఓవర్ శాంప్లింగ్ ఫిల్టర్ ఐసీని, అంటే ఎస్ఏఏ 7220ని, పీకేసే మోజు ఒకటుంది. చాలా మోడళ్లలో ప్లేయర్‌కు క్లాక్ (తాళం) ఇచ్చే 11.2896 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ దానికే ఉంటుంది, దాన్ని తీస్తే ప్లేయరే ఆడదు. ఎలాగో క్లాక్ తెచ్చి ఆడించినా 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పైగా తగ్గుతుంది. ఆ మెత్తదనాన్నే తీయదనం అనుకునేవాళ్లున్నారు, వాళ్లిష్టం. నేను మాత్రం దాన్ని ఉన్నచోటే ఉంచి, బాగా వేడెక్కుతుంది కాబట్టి పైన చిన్న హీట్ సింక్ అంటిస్తాను.

మూత బిగించాక గంటసేపు ఆడనిచ్చి, మళ్లీ తెరిచి ఆ మూడు వోల్టేజీలూ ఇంకోసారి కొలవండి. తీసిన ఐసీలు, కండెన్సర్లు ఒక కవర్లో వేసి ప్లేయర్ లోపలే టేపుతో అంటించండి, ఎప్పుడైనా వెనక్కి వేయాలంటే వెతుక్కోనక్కర్లేదు.