కారులో రాస్ప్‌బెర్రీ పై: ముందు కూత ఆపండి, పాట తర్వాత

మా పాత స్విఫ్ట్‌లో స్టీరియో తీసేసి పాటలు ఆడించడానికి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకున్నాను. ఎక్కినవాళ్లంతా ఏ స్పీకర్లు వేశావనే అడుగుతారు. నన్నడిగితే స్పీకర్ల సంగతి చివర్న చూసుకోవచ్చు. ఇలాంటి సెటప్‌లో సౌండ్‌ని ముందు చెడగొట్టేది కరెంటు.

బండి స్టార్ట్ చేసి, పాట ఆపి, వాల్యూమ్ పెంచి వినండి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో సన్నటి కూత కీచుమని పైకి పోతోందా? అది బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది. బోర్డు ఎర్త్ ఒకచోట, యాంప్లిఫయర్ ఎర్త్ ఇంకోచోట ఉంటే మధ్యలో కాస్త వోల్టేజీ తేడా వస్తుంది. అది పాట సిగ్నల్ మోసే ఆర్‌సీఏ కేబుల్ పట్టుకుని యాంప్‌లోకి దూరుతుంది. అనుమానం తీరాలంటే బోర్డుని కాసేపు పవర్‌బ్యాంకు మీద నడపండి. కూత ఆగిందంటే కొత్త డాక్ (డిజిటల్ పాటని యాంప్‌కి పంపే సిగ్నల్‌గా మార్చేది) కొని లాభం లేదు, ఎర్త్ సరిచేయాల్సిందే.

రెండు ఎర్తులూ ఒకే బోల్టుకి తేవాలి. బోల్టు కింద పెయింట్ గీకి, రేకు తళతళలాడాక బిగించండి. పనివాడికి అప్పగిస్తే పక్కనే నిలబడండి, చాలామంది పెయింట్ మీదే బిగించేస్తారు. అప్పటికీ కూత పోకపోతే 12 వోల్టుల్ని 5 చేసే ఐసోలేటెడ్ కన్వర్టర్ (రెండు వైపుల ఎర్తులూ కలవనిది), కనీసం 3 ఆంపియర్లది వేయండి. ఆర్‌సీఏ లైన్లో తగిలించే చవక ఐసోలేటర్ కూడా కూత ఆపుతుంది కానీ, దాంతోపాటు కొంత బేస్‌నీ మింగేస్తుంది. నేనైతే వాడను.

బ్యాటరీ నుంచి యాంప్‌కి వచ్చే వైరు బండికి ఒక పక్కన, ఆర్‌సీఏ ఇంకో పక్కన వెళ్లాలి. బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు ఉండాలి. ఇది సౌండ్ కోసం కాదు, బండి అంటుకోకుండా.

బోర్డు మీది హెడ్‌ఫోన్ జాక్ వదిలేసి యూఎస్‌బీ డాక్ వాడండి. 128 కేబీపీఎస్ ఎంపీ3ని ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గించకుండా దాచే ఫార్మాట్) మారిస్తే ఫైలు లావెక్కుతుంది, అంతే.

అసలు కిటుకు గెయిన్‌లో ఉంది. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, వచ్చే సిగ్నల్‌ని యాంప్ ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే నాబ్. స్పీకర్ వైర్లు ఊడదీసి, ప్లేయర్ వాల్యూమ్ ఫుల్ పెట్టి, 0 డీబీలో రికార్డైన 400 హెర్ట్జ్ టోన్ ఆడించండి. చవక మల్టీమీటర్లు అంతకు మించిన ఫ్రీక్వెన్సీలో సరిగా చూపించకపోవచ్చు. మీటర్‌ని ఏసీలో పెట్టి యాంప్ అవుట్‌పుట్ చూడండి. యాంప్ 50 వాట్లు, స్పీకర్ 4 ఓమ్‌లు అయితే 50×4=200, దాని వర్గమూలం 14.1 వోల్టులు. గెయిన్ అడుగు నుంచి మెల్లగా తిప్పుతూ మీటర్ 14 చూపగానే ఆపేయండి. ఇంకా తిప్పాలని చేయి లాగుతుంది, తిప్పకండి.

మన బండ్లలో డ్రైవర్‌కి కుడి డోర్ స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. అందుకే పాటంతా కుడివైపు నుంచే వస్తున్నట్టుంటుంది. టేపు తీసుకుని చెవి నుంచి రెండింటి దూరమూ కొలవండి. తేడాలో ప్రతి 34 సెంటీమీటర్లకి 1 మిల్లీసెకండు చొప్పున కుడి ఛానెల్‌ని ఆలస్యం చేయాలి. 51 సెంటీమీటర్లుంటే 1.5. కెమిల్లాడీఎస్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. సరిగ్గా కుదిరితే గొంతు డోర్ వదిలి డ్యాష్‌బోర్డు మీదికి వచ్చేస్తుంది.

డోర్ రేకు దడదడలాడుతుంటే లోపల బ్యూటైల్ షీట్ అంటించండి. ఈక్వలైజర్‌లో మాత్రం తక్కువైనదాన్ని పెంచకండి, ఎక్కువైనదాన్ని తగ్గించండి. వాల్యూమ్ ఫుల్‌లో ఉండగా బేస్ 6 డీబీ పెంచితే సిగ్నల్ డాక్‌కి చేరకముందే పగిలిపోతుంది.