పికప్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లో మార్చుకునేవాళ్లకు జాగ్రత్తలు

ఈమధ్య తెలిసినవాళ్ల పికప్ ఒకటి వెనకాల ట్రైలర్ కట్టుకుని ఎత్తు ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. ఇంజిన్ రయ్యిమని అరుస్తోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. గేర్‌బాక్స్ విప్పి చూస్తే లోపల క్లచ్ ప్లేట్లు మాడిపోయి ఉన్నాయి. అంతకు కొద్ది రోజుల ముందే ఇంట్లో ఆయిల్ మార్చారు. కొన్నది సరైన ఆయిలే, ఫిల్టర్ కొత్తదే, గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ దగ్గర చుక్క లీకు లేదు. పొరపాటల్లా ఒక్కటే. పాన్ దింపితే బయటికొచ్చింది 5 లీటర్ల లోపు. మళ్లీ పోసింది మాత్రం మాన్యువల్లో ‘మొత్తం కెపాసిటీ’ అని రాసి ఉన్నంత!

ఇదే పొరపాటు రకరకాల రూపాల్లో చూస్తూనే ఉన్నాను. గ్లౌజులు వేసుకోండి, కింద ట్రే పెట్టుకోండి అని ఎవరైనా చెబుతారు, వాటి జోలికి నేను పోను.

లెవెల్ సంగతి

ఇంజిన్ ఆయిల్ మార్చడం బాగా అలవాటైనవాళ్లే ఇక్కడ ఎక్కువగా దెబ్బ తింటారు. ఇంజిన్‌లో అయితే బోల్టు విప్పగానే దాదాపు అంతా దిగిపోతుంది. లెక్క ప్రకారం పోసి, ఇంజిన్ ఆపి, డిప్‌స్టిక్ చూసుకుంటే పని అయిపోయినట్టే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పాన్ నుంచి దిగేది మొత్తంలో మూడో వంతో, మహా అయితే సగమో. మిగతాది ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో, ఆయిల్‌ను క్లచ్‌లకు పంపే వాల్వ్ బాడీలో ఉండిపోతుంది. మాన్యువల్లో కనిపించే పెద్ద అంకె గేర్‌బాక్స్ మొత్తం విప్పి, పూర్తిగా ఖాళీ చేసి బిగించినప్పటి లెక్క. అంత పోస్తే మీరు తీయని ఆయిల్ మీద ఇంకో అంత ఆయిల్ పోసినట్టు.

ఎక్కువైతే నష్టమేంటని అడుగుతారు. లోపల తిరిగే గేర్లు, డ్రమ్ములు ఆ ఎక్కువ ఆయిల్‌లో మునుగుతాయి. దాన్ని చిలికి సబ్బు నురగలా చేసేస్తాయి. ఈ గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఉన్నది అరుగుదల తగ్గించడానికి మాత్రమే కాదు, క్లచ్‌లను గట్టిగా నొక్కి పట్టేది కూడా ఆ ఆయిల్ ప్రెజరే. నురగ అంటే సగం గాలి. గాలి నొక్కితే కుదించుకుపోతుంది కాబట్టి ప్రెజర్ నిలవదు. ప్రెజర్ లేక ప్లేట్లు జారతాయి, జారి వేడెక్కుతాయి, వేడెక్కి మాడిపోతాయి. ఇంతలో పొంగిన ఆయిల్, గాలి ఆడేందుకు పెట్టిన వెంట్ గొట్టం నుంచి బయటికి చిమ్మి, కాలుతున్న ఎగ్జాస్ట్ మీద పడితే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది.

తక్కువైనా అంతే. పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది. మళ్లీ నురగ, మళ్లీ ప్రెజర్ పడిపోవడం, మళ్లీ జారడం. ఎక్కువైనా తక్కువైనా డ్రైవరుకు తెలిసే లక్షణం ఒక్కటే. అసలు మోసం ఇక్కడే ఉంది. గేర్ జారుతోందనగానే ‘ఆయిల్ తగ్గిందేమో’ అనుకుని ఇంకో లీటరు పోస్తారు. అప్పటికే ఎక్కువై ఉంటే ఆ లీటరుతో గేర్‌బాక్స్ పని అయిపోతుంది.

కాబట్టి లెక్క చూసి పోసి ఊరుకోవద్దు, లెవెల్ చూడండి. చాలా బండ్లలో లెవెల్ చూడాల్సింది ఇంజిన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ చెప్పినంత వేడికి వచ్చాక, బండి సమమైన నేల మీద ఉండగా. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా మీకు కనిపించేది తప్పుడు లెవెలే.

ఇంజిన్ ఆన్‌లో ఎందుకంటే, ఆపేస్తే పంపు ఆగి కన్వర్టర్లోని ఆయిల్ కొంత పాన్‌లోకి దిగివస్తుంది. పాన్ నిండుగా కనిపిస్తుంది, స్టార్ట్ చేయగానే ఖాళీ అవుతుంది. దీనికీ మినహాయింపులున్నాయి. కొన్ని హోండా బండ్లలో బాగా వేడెక్కించి, ఇంజిన్ ఆపి, నిమిషం నిమిషంన్నరలోపే చూడమంటారు. మీ బండి మాన్యువల్ ఏం చెబితే అదే ఫైనల్, పక్కింటాయన బండిది కాదు.

వేడి ఎందుకంటే ఆయిల్ వేడికి ఉబ్బుతుంది. 10 లీటర్ల ఆయిల్ 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరితే దాదాపు అర లీటరు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ‘ఫుల్’ గీత దాకా పోసినవాళ్లు ఆ అర లీటరును లెక్కలోకి తీసుకోనట్టే. ఎంత వేడి అన్నది కూడా గేర్‌బాక్స్‌ను బట్టి మారుతుంది. జెడ్‌ఎఫ్ కంపెనీ 8-స్పీడ్ గేర్‌బాక్స్‌కు 30 నుంచి 50 డిగ్రీల మధ్య చూడాలి. డిప్‌స్టిక్ ఉన్న కొన్ని జీఎం 6-స్పీడ్‌లకు 70 దాటి 90 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఒకదాని వేడి దగ్గర ఇంకోదాని లెవెల్ చూస్తే అది చూడనట్టే లెక్క. డ్యాష్‌బోర్డు మీద మామూలుగా కనిపించే టెంపరేచర్ ముల్లు ఇంజిన్ కూలెంట్‌ది, గేర్‌బాక్స్‌ది కాదు. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ సాకెట్‌కు పెట్టే చిన్న స్కానర్ గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూపిస్తుంటే దాన్ని నమ్ముకోండి. పాన్ మీద వేడి కొలిచే లేజర్ గన్ పెడితే వచ్చేది లోహం వేడి. ఏమీ లేనిదానికన్నా నయం, అంతే.

డిప్‌స్టిక్ లేని బండ్లలో పక్కనో, పాన్ అడుగునో ఒక లెవెల్ ప్లగ్ ఉంటుంది. బ్రేక్ నొక్కి పట్టి గేర్ లివర్‌ను ఆర్, ఎన్, డి అన్నింటిలోనూ కొన్ని సెకన్లు ఉంచి, తిరిగి పార్క్‌లోకి తెచ్చి, హ్యాండ్ బ్రేక్ వేశాక, చెప్పిన వేడికి రాగానే ఆ ప్లగ్ విప్పాలి. ధారగా వస్తే ఎక్కువైనట్టు, సన్నబడేదాకా వదలండి. ఏమీ రాకపోతే తక్కువైనట్టు, ఆయిల్ పోసే ఫిల్ ప్లగ్ వైపు నుంచి కొద్దికొద్దిగా పోయండి. ధార తగ్గి చుక్కలుగా పడుతున్నప్పుడు బిగించండి. ఆ ప్లగ్ తెరిచి ఉండగా పొరపాటున కూడా ఇంజిన్ ఆపొద్దు. ఆపితే కన్వర్టర్ నుంచి దిగిన ఆయిల్ కూడా అందులోంచే బయటికి పోతుంది.

విప్పే ముందు

డ్రెయిన్ జోలికి పోకముందే ఫిల్ ప్లగ్ కదులుతుందో లేదో చూసుకోండి. ఏళ్ల తరబడి కదలని ప్లగ్ తుప్పు పట్టి మొరాయిస్తుంది. కింద అంతా ఖాళీ చేశాక పైది రాకపోతే బండి కదిలించడానికి కూడా ఉండదు. తర్వాత ఏ ప్లగ్ ఏదో తేల్చుకోండి. ఫోర్ వీల్ పికప్‌లో గేర్‌బాక్స్ వెనకే, బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. దాని ప్లగ్‌లు వేరు, ఆయిల్ వేరు. కొన్ని పాన్‌లలో డ్రెయిన్ ప్లగ్, లెవెల్ ప్లగ్ పక్కపక్కనే ఉంటాయి. లెవెల్ ప్లగ్ విప్పి, కప్పుడు ఆయిల్ రాగానే ‘ఇంతేనా’ అనుకున్నవాళ్లున్నారు.

ఆయిల్ పేరు దగ్గర దగ్గరగా ఉంటే సరిపోదు. మెర్కాన్ ఎల్‌వీ, మెర్కాన్ యూఎల్‌వీ ఒకటి కాదు. టయోటా డబ్ల్యూఎస్ అడిగిన చోట పాత టీ-ఫోర్ పోయకూడదు. క్రైస్లర్ గేర్‌బాక్స్ ఏటీఎఫ్ ప్లస్ 4 అడిగితే అదే పోయాలి. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ గేర్‌బాక్స్ ఆయిల్ పూర్తిగా వేరే జాతి. ‘అన్ని బండ్లకూ సరిపోతుంది’ అని రాసి ఉన్న డబ్బా నేనైతే కొనను.

‘లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు’ అనే మాట కూడా వినే ఉంటారు. ఎవరి లైఫో రాయరు. తన గేర్‌బాక్స్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమని జెడ్‌ఎఫ్ కంపెనీయే చెబుతుంది. బరువులు లాగే బండికి ఇంకా ముందే మార్చాలి. అయితే గేర్‌బాక్స్ ఇప్పటికే జారుతుంటే కొత్త ఆయిల్ మీద ఆశ పెట్టుకోకండి. అరిగిన ప్లేటు ఆయిల్‌తో తిరిగి రాదు.

కిందికి దూరేముందు

పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి చాలామందికి అసలు పైకి లేపాల్సిన పనే ఉండదు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి దూరగలిగితే అంతకన్నా మంచి పద్ధతి లేదు. లెవెల్ కూడా సరిగ్గా తెలుస్తుంది. లేపాల్సి వస్తే నాలుగు మూలలా, ఒకే ఎత్తులో, స్టాండ్ల మీదే. ముందు భాగం ఒక్కటే లేపి లెవెల్ చూసినవాళ్లది మొదట చెప్పిన పొరపాటే. ఆయిల్ వెనక్కి పోతుంది, ప్లగ్ దగ్గర అబద్ధం కనిపిస్తుంది.

పార్క్‌లో పెట్టాం కదా, కదలదు అనుకోకండి. వెనక చక్రాలతో నడిచే బండిలో పార్క్ లాక్ పట్టుకునేది వెనక చక్రాలనే. అందులో ఒక్కటి గాల్లోకి లేచినా డిఫరెన్షియల్ దాన్ని తిరగనిస్తుంది, లాక్ ఉన్నా లేనట్టే. హ్యాండ్ బ్రేక్ వేయండి, నేల మీద ఉన్న చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు పెట్టండి. జాకీ లేపడానికి మాత్రమే, దాన్ని నమ్మి కిందికి పోవద్దు. డొల్ల సిమెంటు ఇటుకల మీద అసలే వద్దు, అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి.

ఇక వరసగా చెప్పేస్తాను.

- లెవెల్ చూసేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంటుంది, మీరు కింద ఉంటారు. ఆ సమయంలో స్టీరింగ్ దగ్గర ఎవరూ కూర్చోకూడదు. ‘కొంచెం గేర్ మార్చు’ అని కింద నుంచి కేకేయొద్దు. మార్చాలంటే బయటికి వచ్చి మీరే మార్చండి.

- మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు. తలుపు తెరిచినంత మాత్రాన పొగ పోదు. బండిని బయట పెట్టుకోండి.

- ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. ఇప్పుడే బరువు లాగొచ్చిన బండి జోలికి పోవద్దు, చర్మం ఊడొస్తుంది.

- డ్రెయిన్ ప్లగ్ లేని పాన్ అయితే బోల్టులన్నీ ఒకేసారి తీయొద్దు. ఒక మూల వదులు చేసి వంచండి. లేదంటే సగం ఆయిల్ మీ ముఖం మీదే.

- కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి.

- పాత ఫిల్టర్ లాగినప్పుడు దాని రబ్బరు సీలు పైన రంధ్రంలోనే ఉండిపోతుంది. వేలు పెట్టి చూడండి. పాత సీలు మీద కొత్త సీలు ఎక్కిస్తే ఫిల్టర్ సరిగ్గా కూర్చోదు, అక్కడ గాలి పీలుస్తుంది. లెవెల్ సరిగ్గా ఉన్నా నురగే.

- పాన్‌లోని అయస్కాంతం మీద మెత్తని బూడిద రంగు ముద్ద ఉంటే భయం లేదు. మెరిసే ముక్కలు, పెళ్లలు ఉంటే అక్కడితో ఆపి మెకానిక్‌కు చూపించండి. తుడిచిన అయస్కాంతాన్ని మళ్లీ పాన్‌లో పెట్టడం మర్చిపోవద్దు.

- పోగులు ఊడే గుడ్డతో లోపల తుడవొద్దు.

- గాస్కెట్ ఉన్న చోట సిలికాన్ పూయొద్దు. లోపలికి కారిన ముక్క ఒక్కటి చాలు, వాల్వ్ మూసుకుపోవడానికి.

- పాన్ బోల్టులు చిన్నవి, చాలావాటికి 8 నుంచి 12 న్యూటన్ మీటర్లే. టార్క్ రెంచ్ వాడండి. మీ బలం అక్కడ చూపిస్తే అల్యూమినియం మరలు ఊడొస్తాయి.

- పాన్, ఫిల్టర్ ఒకే ప్లాస్టిక్ ముక్కగా వచ్చే గేర్‌బాక్స్‌లున్నాయి. దాన్ని కడిగి మళ్లీ బిగించడం వద్దు, మొత్తం మార్చండి.

- కూలర్ పైపు విప్పి ఇంజిన్ నడిపి మొత్తం ఆయిల్ తోడేస్తామంటారు కొందరు. పంపు ఎండిపోతే క్షణాల్లో చెడుతుంది. లీటరో, లీటరున్నరో రాగానే ఇంజిన్ ఆపాలి, అంతే పోయాలి, మళ్లీ మొదలెట్టాలి. తోడు మనిషి లేకుండా ఈ పద్ధతి మొదలే పెట్టొద్దు.

- దించిన ఆయిల్‌ను కొలత ఉన్న డబ్బాలో పోసి చూడండి. మొదట అంతే పోయండి. అది ఆరంభం మాత్రమే. ఇంతకుముందు పోసినవాడు తప్పు పోసి ఉండొచ్చు. లెవెల్ చూసి తీరాలి.

- రంగు చూసి ఆయిల్ బాగుందో లేదో తేల్చొద్దు. ఎర్ర రంగు కొన్నింట్లో దానంతట అదే వెలిసిపోతుంది.

- మాడిన వాసన మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

- పాత ఆయిల్ నేల మీద, కాలువలో పోయొద్దు. మూతున్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

- చీకటి పడుతోందని, చుట్టాలొచ్చారని లెవెల్ చూడటం రేపటికి వాయిదా వేసి బండి తీయొద్దు. ‘పక్క వీధి దాకానే కదా’ అని అసలే వద్దు.

- మొదటి రోజు ఖాళీ బండే నడపండి, ట్రైలర్ కట్టొద్దు. తిరిగొచ్చాక పాన్ అంచులు, ప్లగ్‌లు, వెంట్ గొట్టం టార్చి వేసి చూడండి. వెంట్ దగ్గర తడి ఉంటే ఎక్కువ పోసే ఉంటారు.

- గేర్ పడటం ఆలస్యమైనా, జారినా, ఆయిల్ డబ్బా అందుకోవద్దు. బండి పక్కకు ఆపండి. చెప్పిన వేడిలో, సమమైన నేల మీద, మాన్యువల్ చెప్పిన పద్ధతిలో లెవెల్ చూడండి. ఎక్కువుంటే తీయండి, తక్కువుంటే పోయండి. సరిగ్గానే ఉండి ఇంకా జారుతుంటే దాన్ని నడిపి తీసుకెళ్లొద్దు, వేరే బండి మీద ఎక్కించి పంపండి.