జర్మనీకి కొత్తగా వస్తున్న బెజవాడ, గుంటూరు వారికి భాష గురించి కొన్ని సూచనలు

బెజవాడలోనో గుంటూరులోనో కొన్ని నెలలు కోచింగుకు వెళ్ళి, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో జర్మన్ భాషకు పెట్టే గోథే పరీక్ష రాసి, ఏ1 (తొలి మెట్టు) లేదా బీ1 (మూడో మెట్టు) సర్టిఫికెట్‌తో జర్మనీలో దిగినవారికి మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమవుతుంది: పరీక్షలో విన్న జర్మన్ వేరు, సూపర్‌మార్కెట్ కౌంటరు దగ్గర వినిపించే జర్మన్ వేరు. ఇందుకు బెంగపడనక్కరలేదు. ముప్పై దాటాక కొత్త భాషకు నోరు తిరగదన్న మాటనూ నమ్మనక్కరలేదు. రాజస్థాన్ నుంచి వచ్చి బెజవాడ వన్‌టౌన్‌లో స్థిరపడిన వ్యాపారులు తెలుగులో బేరమాడడం మనలో చాలామంది విన్నదే. మాట్లాడకపోతే వ్యాపారం సాగదు కనుక వారికి భాష వచ్చింది. మనకు ఇక్కడ ఆ అగత్యం కనబడకపోవడమే అసలు చిక్కు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, అంగడిలో వేలు చూపించడం, ఈ మూడింటితో ఐదేళ్ళు నెట్టుకొచ్చినవారు నాకు తెలుసు.

నేను ముఖ్యంగా చెప్పదలచినది ఒకటే: జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవద్దు, తెలుగు మీదుగా నేర్చుకోండి. కోచింగులన్నీ ఇంగ్లీషు పుస్తకాలతోనే చెబుతాయి కనుక మనం ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులో కట్టుకొని ఆపైన జర్మన్‌లోకి మారుస్తాము, అక్కడే తప్పులు పుడతాయి. చలిగా ఉన్నదని చెప్పడానికి ఇంగ్లీషు అలవాటుతో ‘ఇష్ బిన్ కాల్ట్’ అంటే ఎదుటివారు వింతగా చూస్తారు. జర్మన్‌లో అనవలసినది ‘మీర్ ఇస్ట్ కాల్ట్’, అంటే మాటకు మాట ‘నాకు చలిగా ఉంది’. ‘నాకు నచ్చింది’ అనడంలోనూ ఇదే పద్ధతి: ‘మీర్ గెఫెల్ట్ దాస్’. డేటివ్ విభక్తి పేరు వినగానే భయపడేవారు అందులో సగం పని మన ‘కు’ ప్రత్యయం చేసేదేనని గుర్తిస్తే చాలు. ‘అతను రేపు ఇంటికి వస్తాడని నాకు తెలుసు’ అన్న వాక్యంలో ‘అని’తో ముగిసే భాగాన్ని జర్మన్‌లో చెప్పినప్పుడు, రేపు, ఇంటికి, వస్తాడు అన్న వరుస మారదు, క్రియ చివరికే పోతుంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి ఇది తలకిందులుగా తోస్తుంది గాని మనకు పుట్టింటి దారి. పెద్దవారిని, కొత్తవారిని ‘జీ’ అని, చనువున్నవారిని ‘దూ’ అని పిలిచే మర్యాద కూడా మన మీరు, నువ్వుల మర్యాదే. పెద్దవారు తామై ‘దూ’ అనమని చెప్పేవరకు ‘జీ’ విడవకండి.

పొడుగాటి మాటలను చూసి జంకవద్దు, అవి సమాసాలు. ఇల్లు మారిన రెండు వారాలలోపు పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు ఇంటి యజమాని ఇచ్చే కాగితం పేరు ‘వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్’. విడదీస్తే ఇల్లు, ఇచ్చినవారు, ధ్రువీకరణ. తత్పురుషంలో వలెనే చివరి మాటే ప్రధానం. మొత్తం మాట లింగాన్ని నిర్ణయించేదీ ఆ చివరి మాటే.

ఉచ్చారణలో గుంటూరు, కృష్ణా జిల్లాలవారికి ఒక వరం ఉంది. జర్మన్ ‘జెడ్’ అక్షరం ధ్వని మనం చలి, చాలా అన్నప్పుడు పలికే దంత్య ‘ౘ’యే. కాలం అన్న అర్థమున్న ‘ౘైట్’ను అలా పలికి చూడండి. ‘ఊ’కు పెట్టినట్లు పెదవులు గుండ్రంగా పెట్టి ‘ఈ’ అంటే రెండు చుక్కల ‘యూ’ పలుకుతుంది. మనకు శాపమూ ఒకటి ఉంది: మనది అజంత భాష కనుక హల్లుతో ముగిసే ప్రతి మాటకూ చివర ఉకారం తగిలిస్తాము. బస్ బస్సు అయినట్లు, శరదృతువు పేరైన ‘హెర్ప్‌స్ట్’ మన నోట ‘హెర్పుస్టు’ అవుతుంది, ఎదుటివారికి అర్థం కాదు. దీనికి మందు గట్టిగా చదవడమే. రోజూ పావుగంట చాలు.

నామవాచకం ముందు దాని లింగాన్ని తెలుపుతూ వచ్చే డేర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), దాస్ (నపుంసకం)ల విషయంలో మన భాష సాయపడదు. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, చాకు నపుంసకం కావడానికి హేతువు వెతికితే దొరకదు. ప్రతి నామవాచకాన్నీ ముందున్న ఆ చిన్న మాటతో కలిపి కంఠస్థం చేయవలసిందే. (అమ్మాయిని ‘దాస్’ అనడం మాత్రం మనకు ఎబ్బెట్టుగా ఉండరాదు. ‘అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది’ అని ఒకే క్రియతో సరిపెట్టేవారము కదా.)

గడియారం దగ్గర జాగ్రత్త. ‘హాల్ప్ నాయిన్’ అంటే తొమ్మిదిన్నర కాదు, ఎనిమిదిన్నర, అంటే తొమ్మిదికి సగం దూరం. ఇది తెలియక నేను పంటి డాక్టరు దగ్గరకు తొమ్మిదిన్నరకు వెళ్ళి, మరో ఆరు వారాలు పన్ను నొప్పిని భరించాను. అంకెలలో ఒకట్ల స్థానం ముందు వస్తుంది: నలభై ఏడును ‘జీబెన్ ఉంట్ ఫిర్‌ౘిష్’, అంటే ఏడూ నలభై అంటారు. హిందీ సైంతాలీస్‌లోనూ ఏడే ముందు కనుక అది వచ్చినవారికి కొంత సులువు. ఫోన్ నంబర్లను రెండేసి అంకెలుగా చెబుతారు కనుక, ఒక్కొక్క అంకె చెప్పమని అడగడానికి మొహమాటపడవద్దు.

మీరు తడబడగానే ఎదుటివారు ఇంగ్లీషులోకి మారతారు. అది వారి మంచితనమే గాని మీకు నష్టం. ‘ఇష్ లెర్నె నోఖ్’, ఇంకా నేర్చుకుంటున్నానని చెప్పి జర్మన్‌లోనే కొనసాగించండి. చాలామంది సంతోషంగా ఆగి వింటారు. ఊరూరా ఉండే ఫోల్క్స్‌హోఖ్‌షూలెలలో (వయోజన విద్యాకేంద్రాలలో) సాయంత్రపు తరగతులు ప్రైవేటు స్కూళ్ళకన్నా సాధారణంగా చవక. జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వారి పాఠాలు, నెమ్మదిగా చదివే వార్తలు ఉచితం. వీటికన్నా ఎక్కువ పని చేసేది స్థానిక సంఘంలో సభ్యత్వం. క్రికెట్ క్లబ్బులో మనవాళ్ళే ఉంటారు కనుక వాలీబాల్‌కో తోటపనికో వెళ్ళండి.

కాగితాల లెక్క కూడా తెలిసి ఉండాలి. ఏ1 నుంచి సీ2 వరకు మెట్లు ఆరు. బ్లూ కార్డు (ఉన్నత విద్యార్హతలున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) ఉన్నవారు ఇతర షరతులు తీరితే ఏ1తో 27 నెలలకు, బీ1తో 21 నెలలకు శాశ్వత నివాసానికి అర్హులు. నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బీ2 అడుగుతారు. పౌరసత్వానికి మామూలుగా బీ1 కావాలి.

పిల్లలు కిండర్‌గార్టెన్‌లో మనకన్నా ముందే నేర్చేస్తారు. వారిని డాక్టరు దగ్గర, ఆఫీసులలో దుబాసీలుగా నిలబెట్టకండి. ఇంట్లో వారితో తెలుగు మానకండి.

ఇక్కడి ప్రభుత్వం ఇప్పటికీ పోస్టులో ఉత్తరాలు పంపుతుంది. వాటిని ఫోన్‌తో అనువదించి పక్కన పడేయకుండా, ముందు మీరే చదివి, నాలుగు మాటలు వెతకండి: ‘ఫ్రిస్ట్’ అంటే గడువు, ‘బెషైట్’ అంటే అధికారుల నిర్ణయం, ‘వీడర్‌ష్ప్రుఖ్’ అంటే ఆ నిర్ణయంపై మీరు తెలిపే అభ్యంతరం, ‘మానుంగ్’ అంటే బాకీ హెచ్చరిక. ‘ఫ్రిస్ట్’ పక్కన ఉన్న తేదీని అదే రోజు క్యాలెండరులో రాసుకోండి.