వేడి మీద మళ్లీ స్టార్ట్ చేసిన ఇంజన్‌లో ఇంధన పట్టికను దిద్దకండి
ఇంజన్ ట్యూనింగ్ స్వయంగా చేసుకునేవారు ఇంధన పట్టికను, అంటే ఎప్పుడు ఎంత ఇంధనం పంపాలో చెప్పే మూల పట్టికను, ముట్టుకునే ముందు లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత ఎంత చూపుతోందో గమనించాలి. ఒత్తిడి మారకుండా గాలి 20 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 12 శాతం తగ్గుతుంది. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల అమరిక) ఒత్తిడిని, ఈ ఉష్ణోగ్రతను బట్టి గాలిని లెక్కగట్టే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఆ మేరకు ఇంధనాన్ని కూడా తగ్గిస్తుంది. గాలి ద్రవ్యరాశిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండ్లలో ఉష్ణోగ్రత రీడింగ్ తప్పితే వచ్చే ఇబ్బంది చాలా తక్కువ.

చిక్కంతా బండిని ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు వస్తుంది. అప్పటికి మానిఫోల్డ్ లోహపు వేడి దానికి బిగించిన గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌కు పాకి ఉంటుంది కనుక, వచ్చే గాలి నిజానికి 40 డిగ్రీలే అయినా సెన్సర్ 60 చూపవచ్చు. దాన్ని నమ్మిన ఈసీయూ సుమారు 6 శాతం ఇంధనం కోసేస్తుంది, 14.7 ఉండాల్సిన గాలి-పెట్రోల్ నిష్పత్తి 15.6 దాకా పోయి ఐడిలింగ్ (బండి నిలిచి ఉన్నప్పటి ఇంజన్ నడక) తడబడుతుంది. అది చూసి మూల పట్టికలో ఇంధనం పెంచారో, మర్నాడు చల్లటి ఇంజన్‌లో మిశ్రమం చిక్కబడుతుంది, అంటే అందులో పెట్రోల్ ఎక్కువవుతుంది. (నేనూ ఒకసారి ఇలాగే రెండు రోజులు పోగొట్టుకున్నాను.)

అందువల్ల కొంతదూరం నడిపి రీడింగ్ నిలకడకు వచ్చాకే మూల పట్టికను సరిచేసి, ఉష్ణోగ్రత సవరణ పట్టికను (గాలి వేడిని బట్టి ఇంధనాన్ని సర్దేది) ఆ తర్వాత పట్టుకోండి. వీలైతే సెన్సర్‌ను మానిఫోల్డ్ నుంచి తీసి, థ్రాటిల్‌కు (గాలిని నియంత్రించే కవాటం) ముందున్న ప్లాస్టిక్ గొట్టంలో బిగించండి. టర్బో ఉంటే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) తర్వాతే బిగించాలి.