ఇంజనీరింగ్ జర్నల్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపే ముందు

నా మొదటి జర్నల్ పేపర్ నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. రివ్యూ దాకా కూడా వెళ్లలేదు. ఆ మెయిల్‌లో కాంక్రీట్ గురించి ఒక్క ముక్క లేదు. అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపర్ మొదట్లో ఉండే సారాంశం, 412 పదాలుంది, మా పరిమితి 250. లోపల మూడు రిఫరెన్సులు, ఒక సమీకరణం ఉన్నాయి. సరిచేసి మళ్లీ పంపండి అని ఉంది. అంతే. రెండేళ్లు కాంక్రీట్ క్యూబ్‌లు పోసి, నీళ్ల తొట్టిలోంచి తీసి, మెషీన్ కింద పగలగొట్టి తెచ్చుకున్న రిజల్ట్స్‌ని ఎవరూ చూడకుండానే తిప్పి పంపారని ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, సివిల్ డిపార్ట్‌మెంట్‌లో, పీహెచ్‌డీ పిల్లల అబ్‌స్ట్రాక్టులు దిద్దడమే నా పనిలో సగం. ఆ మెయిల్ పంపినవాళ్ల తప్పేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది.

పేపర్‌లో మిగతా భాగాలన్నీ ఒకచోటే ఉంటాయి. అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే ఊళ్లు తిరుగుతుంది. ఎడిటర్ ఒక రివ్యూయర్‌ని 'ఈ పేపర్ చూసిపెడతారా' అని అడిగేటప్పుడు మెయిల్‌లో సాధారణంగా వెళ్లేది టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే. పరిశోధన పేపర్ల డేటాబేస్ స్కోపస్‌లో కనిపించేదీ అదే. డబ్బు కట్టి పేపర్ కొనలేని విద్యార్థి చదివేదీ అదే. అక్కడ మీ రిఫరెన్సుల జాబితా ఉండదు, మూడో బొమ్మ ఉండదు, సింబల్స్‌కి అర్థాలు రాసిన పేజీ ఉండదు. జర్నల్స్ పెట్టే రూల్స్ చాలావరకు ఇందులోంచే పుట్టాయి. ఈ సంగతి బుర్రకెక్కితే రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు.

రాయడానికి కూర్చునే ముందు ఆ జర్నల్ సైట్‌లో రచయితలకిచ్చిన సూచనల పేజీ తెరవండి. సీనియర్ ఇచ్చిన పాత ఫైల్‌ని నమ్ముకోవద్దు. పెద్ద ప్రచురణ సంస్థల లెక్కలు ఇవి. ఐఈఈఈ జర్నల్స్‌కి 150 నుంచి 250 పదాలు, ఒకటే పేరా. స్ప్రింగర్ జర్నల్స్ చాలావాటిలోనూ 150 నుంచి 250. ఎల్సెవియర్‌లో జర్నల్‌ని బట్టి మారుతుంది, 250 దాటనివ్వనివి ఎక్కువ. ఎండీపీఐ వాళ్లు 200 దగ్గర ఆగమంటారు. ఆర్కైవ్ (arXiv) సైట్‌లో ప్రీప్రింట్, అంటే రివ్యూకి ముందు కాపీ, పెడితే అక్కడ పదాల లెక్క లేదు, అక్షరాల లెక్క: 1920 దాటకూడదు. వర్డ్‌లో లెక్కపెట్టేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్ పేరా ఒక్కటే సెలెక్ట్ చేయండి. దాని కిందుండే కీవర్డ్స్ (పేపర్‌ని వెతకడానికి ఇచ్చే మాటలు) కూడా కలిపి లెక్కేసి, 'మేడం, 14 పదాలు ఎక్కువొచ్చాయి' అని మంచి వాక్యం కోసేసిన వాళ్లున్నారు మా దగ్గర.

పోయిన ఏడాది మా స్కాలర్ ఒకమ్మాయి తెచ్చిన డ్రాఫ్ట్ చెప్తాను. ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంట్ ఫ్లై యాష్ (బొగ్గు కాలాక మిగిలే సన్నటి బూడిద) కలిపి సిమెంట్‌ని 20, 30, 40 శాతం తగ్గించి, ఎం30 కాంక్రీట్, అంటే 28 రోజులకు 30 మెగాపాస్కల్ బలం రావాల్సిన రకం, పోసింది. పని చాలా శుభ్రంగా చేసింది. అబ్‌స్ట్రాక్ట్ మొదటి వాక్యం మాత్రం ఇది: 'ప్రపంచంలో నీటి తర్వాత మనిషి అత్యధికంగా వాడే పదార్థం కాంక్రీట్.' ఈ వాక్యాన్ని నేను వంద అబ్‌స్ట్రాక్టుల్లోనైనా చూసుంటాను. రెండో వాక్యం సిమెంట్ తయారీలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ గురించి. మూడోది పర్యావరణం. నాలుగోది 'ఎందరో పరిశోధకులు ఈ దిశగా కృషి చేశారు' అని, పక్కన బ్రాకెట్లో 4 నుంచి 11 వరకు రిఫరెన్సులు. తను చేసిన పని ఐదో వాక్యంలో మొదలైంది. ఆఖరి వాక్యం: 'ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని గమనించడమైనది.'

'ఎంత ఆశాజనకంగా ఉన్నాయమ్మా?' అన్నాను. నోట్‌బుక్ తీసి గడగడా చెప్పింది. అంకెలన్నీ నోటికొచ్చు. మరి వాటిని అబ్‌స్ట్రాక్ట్‌లో ఎందుకు పెట్టలేదంటే, 'అన్నీ ఇక్కడే చెప్పేస్తే లోపల చదవరేమో అని, మేడం' అంది. సస్పెన్స్ సినిమాకి పనికొస్తుంది, ఇక్కడ కాదు. అబ్‌స్ట్రాక్ట్‌లో అంకె కనపడకపోతే అసలు లోపలికే రారు.

ఇద్దరం కూర్చుని తిరగరాశాం. అసలు ఇంగ్లీషులో రాసిందే, అర్థం కోసం ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. పేపర్ ఇంకా అచ్చు కాలేదు కాబట్టి అంకెలు మార్చాను, వాటిని ఎవరూ ఎక్కడా వాడుకోవద్దు.

'సముద్రతీర నిర్మాణాల్లో ఫ్లై యాష్ ఎంతవరకు కలపవచ్చో తేల్చడానికి ఎం30 కాంక్రీట్‌లో సిమెంట్ బరువులో 20, 30, 40 శాతం స్థానంలో క్లాస్ ఎఫ్ ఫ్లై యాష్ వాడాం. 150 మిల్లీమీటర్ల క్యూబ్‌లపై 7, 28, 90 రోజులకు కంప్రెసివ్ స్ట్రెంగ్త్, 90 రోజులకు క్లోరైడ్ చొరబాటు కొలిచాం. 30 శాతం మిశ్రమం 28 రోజులకు 36.8 మెగాపాస్కల్ ఇచ్చింది. ఫ్లై యాష్ లేని కాంక్రీట్ కంటే ఇది 8.5 శాతం తక్కువ. 90 రోజులకు అదే మిశ్రమం 46.1 మెగాపాస్కల్‌కి చేరి, 3.4 శాతం ముందుకెళ్లింది. ఫ్లై యాష్ లేని కాంక్రీట్ గుండా 3150 కూలంబ్‌ల ఆవేశం వెళ్తే, దీని గుండా 1420 మాత్రమే వెళ్లింది. 40 శాతం మిశ్రమం 90 రోజులకు కూడా వెనకబడే ఉంది. బరువు పడటానికి 90 రోజులు ఆగగలిగిన పనుల్లో 30 శాతం వరకు కలపవచ్చు.'

ఎందుకు చేశాం అన్నదానికి అర వాక్యం, ఏం చేశాం అన్నదానికి వాక్యంన్నర. మిగతాదంతా ఏం తేలింది, దాంతో ఏం చేయొచ్చు. (ఆవేశం ఎంత తక్కువ వెళ్తే కాంక్రీట్‌లోకి క్లోరైడ్ అంత తక్కువ చొరబడుతుందని అర్థం.) 28 రోజుల దగ్గర స్ట్రెంగ్త్ తగ్గిందన్న మాట కూడా దాచలేదు చూడండి. ఆ అమ్మాయి ముందు దాన్ని తీసేద్దామంది. ఫ్లై యాష్ నెమ్మదిగా పనిచేస్తుందని కాంక్రీట్ తెలిసిన ప్రతి రివ్యూయర్‌కీ తెలుసు; 28 రోజుల అంకె కనపడకపోతే వాళ్లకి వచ్చే మొదటి అనుమానం అదే. ఇంగ్లీషులో రాసేటప్పుడు చేసిన పనికి భూతకాలం, తేలిన విషయానికి వర్తమానం వాడితే చాలు.

లోపల ఉండకూడనివి: రిఫరెన్స్ నంబర్లు, 'టేబుల్ 3లో చూపినట్లు' లాంటి మాటలు, ఫుట్‌నోట్లు, విడిగా లైన్ తీసుకునే సమీకరణాలు. తప్పనిసరిగా ఒకరి పేపర్ పేరెత్తాల్సి వస్తే రచయిత పేరు, సంవత్సరం మాటల్లోనే రాయమంటుంది ఎల్సెవియర్. పొడి అక్షరాల పేర్లతో జాగ్రత్త. క్లోరైడ్ పరీక్షని ల్యాబ్‌లో అందరం ఆర్‌సీపీటీ అంటాం. అబ్‌స్ట్రాక్ట్‌లో రాపిడ్ క్లోరైడ్ పర్మియబిలిటీ టెస్ట్ అని పూర్తి పేరు రాయాలి. ఒక్కసారే వచ్చే పదానికి షార్ట్‌కట్ అసలెందుకు? అబ్‌స్ట్రాక్ట్‌లో ఒకసారి విప్పి రాశాం కదా అని మెయిన్ పేపర్‌లో వదిలేయకండి, అక్కడ మళ్లీ మొదటినుంచీ విప్పాలి.

ఎక్కువ టైమ్ తినేది యూనిట్లు, గుర్తులు. మెగాపాస్కల్‌కి ఇంగ్లీషులో ఎం పెద్దక్షరం, పీ పెద్దక్షరం, ఏ చిన్నక్షరం. మా పిల్లల్లో సగం మంది పీ చిన్నది వేస్తారు. కిలోన్యూటన్‌లో కే చిన్నది, ఎన్ పెద్దది. కేజీని రెండు పెద్దక్షరాల్లో రాయడం కిరాణా బిల్లు మీద చెల్లుతుంది, జర్నల్‌లో చెల్లదు. ఘనపు సెంటీమీటర్లని సీసీ అని రాయొద్దని ఐఈఈఈ టెంప్లేట్‌లోనే ఉంది. దశాంశానికి ముందు సున్నా ఉండాలి: 0.45 అని, వట్టి .45 అని కాదు. వాటర్ సిమెంట్ రేషియో రాసేటప్పుడు ఈ సున్నా ఎగిరిపోవడం మామూలే. అంకెకీ యూనిట్‌కీ మధ్య ఖాళీ వదలాలి, ఆ ఖాళీ దగ్గర లైన్ విరగకూడదు. వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే అవి రెండూ అతుక్కుని ఉంటాయి.

అసలు ప్రమాదం పేపర్ ఎక్కించే సైట్‌లో, అంటే పోర్టల్‌లో ఉంది. ఎడిటోరియల్ మేనేజర్, స్కాలర్‌వన్ లాంటి వాటిలో పేపర్ ఫైల్ కాకుండా అబ్‌స్ట్రాక్ట్‌ని విడిగా ఒక పెట్టెలో అతికించాలి. ఆ పెట్టె మీ వర్డ్ ఫార్మాటింగ్‌ని గౌరవిస్తుందని అనుకోకండి. ఘనపు మీటరుకి పైన చిన్నగా వేసిన 3 కిందికి దిగి మామూలు 3 అయిపోవచ్చు. డిగ్రీ గుర్తు కోసం 'ఓ' అక్షరాన్ని పైకెక్కించి ఉంటే, అది కిందపడి సున్నాలా కనిపిస్తుంది. 27 డిగ్రీల క్యూరింగ్ కాస్తా 270 అవుతుంది. మైక్రో గుర్తుని సింబల్ ఫాంట్‌లో వేసి ఉంటే అది ఇంగ్లీషు ఎం అయి కూర్చుంటుంది, మైక్రోమీటర్ మిల్లీమీటర్ అయిపోతుంది. అందుకే గుర్తుల్ని ఇన్సర్ట్ మెనూలోంచి అసలు అక్షరంగానే తెచ్చుకోవాలి. నేను చేసేది ఇది: అబ్‌స్ట్రాక్ట్‌ని ముందు నోట్‌ప్యాడ్‌లో అతికిస్తాను. అక్కడ ఏది పాడైందో పోర్టల్‌లోనూ అదే పాడవుతుంది. దిద్ది, అక్కణ్ణుంచి పోర్టల్‌కి కాపీ చేస్తాను. పీడీఎఫ్‌లోంచి మాత్రం కాపీ చేయొద్దు, ప్రతి లైన్ చివరా ఎంటర్ నొక్కినట్టు విరిగి వస్తుంది. లేటెక్ (కోడ్ రాసి పేపర్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు డాలర్ గుర్తులు, బ్యాక్‌స్లాష్‌లు తీసేసి మామూలు మాటల్లో పెట్టాలి.

ఫాంట్ గురించి పిల్లలు పడే టెన్షన్ అనవసరం. జర్నల్ ఇచ్చిన టెంప్లేట్ డౌన్‌లోడ్ చేసి, అందులోని అబ్‌స్ట్రాక్ట్ స్టైల్‌లో అతికించండి, సైజు అదే పడుతుంది. చేత్తో బోల్డ్ కొట్టక్కర్లేదు.

కీవర్డ్స్ ఎన్ని ఇవ్వాలో గైడ్‌లో ఉంటుంది, స్ప్రింగర్‌లో చాలాచోట్ల నాలుగు నుంచి ఆరు. టైటిల్‌లో ఉన్న మాటలే మళ్లీ ఇస్తే ఆ చోటు వృథా. ఎల్సెవియర్ జర్నల్స్‌లో చాలావరకు హైలైట్స్ కూడా అడుగుతారు: మూడు నుంచి ఐదు వాక్యాలు, ఒక్కొక్కటి ఖాళీలతో కలిపి 85 అక్షరాలు మించకుండా, విడి ఫైల్‌లో. 85 అంటే ఎంత తక్కువో రాస్తే గాని తెలియదు. ఆ అమ్మాయి మొదటి హైలైట్ 131 వచ్చింది. 'ఈ అధ్యయనంలో గమనించినదేమనగా' అన్న అర్థమొచ్చే ఇంగ్లీషు తోక కత్తిరిస్తే సరిపోయింది. గ్రాఫికల్ అబ్‌స్ట్రాక్ట్, అంటే సారాంశాన్ని చూపే బొమ్మ, అడిగితే ఎత్తు 531, వెడల్పు 1328 పిక్సెళ్లకి తగ్గకుండా, ఒక్క బొమ్మ. నాలుగు గ్రాఫులు ఇరికించొద్దు.

రచయితల పేర్లు దాచి రివ్యూ చేసే జర్నల్ అయితే 'మా కాలేజీ ల్యాబ్‌లో', 'మా గత పేపర్‌లో' అన్న మాటలు అబ్‌స్ట్రాక్ట్‌లోంచి తీసేయాలి. ఇంకొకటి. ఇవేవీ అడక్కుండా, అబ్‌స్ట్రాక్ట్ పంపిన మర్నాడే 'యాక్సెప్టెడ్, ఫీజు కట్టండి' అని మెయిల్ వస్తే సంతోషపడకండి. అది జర్నల్ కాదు, దుకాణం.

అన్నీ ఎక్కించాక పోర్టల్ ఒక పీడీఎఫ్ తయారుచేసి చూసుకోమంటుంది. రాత్రి పదకొండింటికి, నిద్రకళ్లతో, చాలామంది దాన్ని తెరవకుండానే అప్రూవ్ నొక్కేస్తారు. మేం తెరిచాం. ప్లస్ ఆర్ మైనస్ గుర్తు ఉండాల్సిన చోట చిన్న చదరపు డబ్బా ఉంది. ఆ అమ్మాయి తల పట్టుకుంది. పది నిమిషాల పని, దిద్దాం.

మూడు నెలలకి రివ్యూలు వచ్చాయి. 90 రోజుల క్యూబ్‌లలో ఒకటి అన్నిటి సగటుకి 15 శాతం కంటే ఎక్కువ దూరంగా ఉంది, ఆ పరీక్ష మళ్లీ చేయండి అన్నారు. న్యాయమే, కాంక్రీట్ పరీక్షలకి మన దేశ ప్రమాణం ఐఎస్ 516 కూడా అదే చెప్తుంది. మళ్లీ పోసి, మళ్లీ 90 రోజులు ఆగి, పగలగొడితే సగటు 46.1 కాస్తా 45.7 అయింది. టేబుల్ మార్చింది, గ్రాఫ్ మార్చింది. అబ్‌స్ట్రాక్ట్‌లో అంకె మార్చావా అంటే నాలుక కరుచుకుంది. పేపర్ ఫైల్‌లో ఒకటి, పోర్టల్ పెట్టెలో ఒకటి, హైలైట్స్‌లో ఒకటి, మూడు చోట్లా మార్చాం. 3.4 శాతాన్ని 2.5 చేశాం. ఇక చాలనుకుని పంపేశాం. గ్రాఫికల్ అబ్‌స్ట్రాక్ట్‌లో ఇంకా 46.1 ఉందని రెండో రివ్యూయర్ రాశాడు.