శుక్రవారం ఇంటికి పంపే బడి ఉత్తరం ఎలా రాయాలి?

ప్రాథమిక పాఠశాలలో వారానికొకసారి ఇంటికి ఒక కాగితం పంపాలి. ఈ వారం పిల్లలు ఏం నేర్చుకున్నారు, వచ్చే వారం బళ్ళో ఏమున్నాయి అన్నవే అందులో ఉండాలి. విజయనగరం వైపు కొన్నేళ్ళు, శ్రీకాకుళం వైపు కొన్నేళ్ళు పనిచేస్తూ ఈ ఉత్తరం వారం వారం రాస్తూనే ఉన్నాను. ఇతర బడుల నుంచి వెళ్ళే ఉత్తరాలు కూడా కంటపడుతూ ఉంటాయి. ఎక్కువగా అవి పైఅధికారికి పంపే నివేదికల్లా ఉంటాయి. ఇంట్లోవాళ్ళు ఒకసారి చూసి పక్కన పెట్టేస్తారు. ఆ తప్పు వాళ్ళది కాదు, రాసినవాళ్ళది.

ఏం కావాలి?

గీతల్లేని తెల్ల కాగితం, నీలం పెన్ను, దగ్గర్లో ఒక జిరాక్సు షాపు. అంతే. ఒకవైపే రాయాలి. చేత్తోనే రాయాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. టైపు చేసిన కాగితం చూస్తే ఊళ్ళో జనం అది ఆఫీసు నోటీసనుకుంటారు. టీచరు చేతిరాత చూస్తే తమకోసం రాశారని తెలుస్తుంది. పువ్వుల బొమ్మలు, రంగుల చట్రాలు వద్దు. జిరాక్సులో అవి నల్లటి మరకలై అక్షరాలను మింగేస్తాయి.

ఇంకొకటి కావాలి, రోజుకొక వాక్యం. సాయంత్రం గంట కొట్టాక, తాళం వేసే ముందు, ఆ రోజు తరగతిలో జరిగింది ఒక్క వాక్యం నోట్‌బుక్కులో రాసుకోండి. గురువారం రాత్రి కూర్చుని వారమంతా గుర్తుచేసుకుందామనుకుంటే పాఠాల పట్టిక గుర్తొస్తుంది గానీ పిల్లలు గుర్తురారు.

శుక్రవారమే ఎందుకంటే, మర్నాడు శనివారం బడి ఉంటుంది. అర్థం కాని తల్లి గేటు దగ్గర నిలబడి అడిగి తెలుసుకుంటుంది. శనివారం పంపితే అడగడానికి ఎవరూ ఉండరు, సోమవారానికి కాగితమే ఉండదు.

ఎవరికి రాస్తున్నాం?

ఇది తేలకుండా పెన్ను ముట్టుకోవద్దు. మన జిల్లాల్లో తీరంవెంట ఊళ్ళలో తండ్రులు చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. మెట్ట ఊళ్ళనుంచి హైదరాబాదుకో చెన్నైకో కట్టుబడి పనులకు పోతారు. చాలా ఇళ్ళల్లో తల్లి కూడా వెంట వెళ్తుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గరో తాత దగ్గరో ఉంటారు. కాగితం చేతికొచ్చాక ఆ అమ్మమ్మ పక్కింట్లో అయిదో తరగతి చదివే పిల్లను పిలిచి చదివించుకుంటుంది. అంటే మన ఉత్తరం కంటితో చదివేది కాదు, చెవితో వినేది. ఒకసారి విన్నదాంట్లో ఎంత గుర్తుంటుందో అంతే రాయాలి.

అసలు కష్టం: నేర్చుకున్నది రాయడం

ఉత్తరం చెడిపోయేది ఇక్కడే. నూటికి తొంభై మంది ఇలా రాస్తారు: ‘తెలుగు: అయిదో పాఠం పూర్తి. గణితం: తీసివేతలు. పరిసరాల విజ్ఞానం: నీరు.’ ఇది విన్న అమ్మమ్మ ఏం చేయగలదు? తలూపుతుంది. పిల్ల ఆడుకోడానికి పోతుంది. వారం రోజుల చదువు అక్కడితో సరి.

పాఠం పేరు రాయకండి. పిల్ల కొత్తగా ఏం చేయగలుగుతోందో రాయండి. వెనకాలే ఇంట్లో అడగడానికి ఒక ప్రశ్న ఇవ్వండి, దాని జవాబు కూడా ఇవ్వండి. నేనిలా రాస్తాను:

‘రెండో తరగతి పిల్లలు 52 లోంచి 27 తీసేయడం నేర్చుకున్నారు. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని పదుల ఇంటినుంచి ఒక పది తెచ్చుకుంటారు. మీరిలా అడగండి: యాభై రెండు రూపాయలు పట్టుకెళ్ళి ఇరవై ఏడు రూపాయల సరుకు కొంటే ఎంత మిగులుతుంది? ఇరవై అయిదు అని చెప్పాలి. ఎలాగొచ్చిందో కూడా చెప్పమనండి.’

జవాబు లేకుండా ప్రశ్న ఎప్పుడూ పంపకండి. సంతలో బేరమాడి నోటిలెక్కతో చిల్లర సరిచూసుకునే ముసలమ్మకి ఈ లెక్క మనకంటే త్వరగా వస్తుంది. కానీ ఒత్తుల గురించో దిక్కుల గురించో అడగమంటే, తనకే తెలియనిది మనవరాలి ముందు ఎలా అడగాలని వెనక్కి తగ్గుతుంది. ఒకసారి వెనక్కి తగ్గిందంటే ఇక ఆ కాగితం ముట్టదు. జవాబు చేతిలో ఉంటే ఆవిడే టీచరు.

రెండో జాగ్రత్త క్రియాపదంతో. ‘నేర్చుకున్నారు’ అన్న మాట ఊరికే వాడేస్తాం. నేనొకసారి ‘మూడో తరగతివాళ్ళు ఒత్తులున్న మాటలు బాగా చదువుతున్నారు’ అని రాసి పంపాను. మర్నాడు ఒక తాత మనవణ్ణి వెంటబెట్టుకొచ్చాడు, చేతిలో దినపత్రిక ఉంది. ‘టీచరు బాగా చదువుతారన్నారు కదా, వీడు చదవలేదేటి?’ అన్నాడు. వాడికి రాత్రి తిట్లు పడ్డాయని ముఖం చూస్తేనే తెలిసింది. వాడి తప్పేమీ లేదు. నేను తొందరపడి రాసిన ఒక్క మాట వాడి మీద పడింది. అప్పటినుంచి మూడు మాటలు వేరువేరుగా వాడుతున్నాను: ఇప్పుడే ‘మొదలుపెట్టారు’, సాయం చేస్తే ‘చేస్తున్నారు’, ఎవరి సాయం లేకుండా ‘చేయగలరు’. మొదలుపెట్టినదాని పక్కన ‘తడబడతారు, తిట్టకండి’ అని తప్పకుండా రాస్తాను. ఆ మాట లేకుండా ఉత్తరం పంపొద్దు.

పిల్లల పేర్లు రాయొద్దు. పొగడ్తకీ వద్దు, తిట్టుకీ అసలే వద్దు. ముప్ఫై మంది పిల్లలున్న బళ్ళో ఒక పేరు రాస్తే ఇరవై తొమ్మిది ఇళ్ళల్లో పోలిక మొదలవుతుంది.

తరగతికి ఒక్క విషయమే రాయండి. అయిదు తరగతులకీ అయిదు ముక్కలు. మీరు ఆ వారం నాలుగు పాఠాలు చెప్పి ఉండొచ్చు, అది మీ డైరీలో ఉంటుంది. ఇంటికి వెళ్ళేది అందులో ఒకటే. ఏది పంపాలో తేల్చుకోలేకపోతే, ఇంట్లోవాళ్ళకి మనకంటే ఎక్కువ తెలిసినదాన్ని ఎంచుకోండి. నీటి పాఠం జరిగిన వారం నేను ‘మీ చిన్నప్పుడు నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకునేవారో పిల్లకి చెప్పండి’ అని రాస్తాను. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన దగ్గరే సముద్రంలో కలుస్తాయని పుస్తకం చెప్తుంది. ఏరు పొంగిన ఏడాది ఎవరి పశువులు కొట్టుకుపోయాయో, చెలమ తవ్వి నీళ్ళెలా తోడేవారో తాతే చెప్పాలి. ఆ తర్వాతి సోమవారం పిల్లలు బడికి ఉత్త చేతులతో రారు.

ఏ భాషలో రాయాలి?

‘అభ్యసన ఫలితాలు’, ‘సామర్థ్యాల సాధన’, ‘మదింపు’ లాంటి మాటలు ఈ కాగితం మీద ఉండకూడదు. ఆ మాటలు శిక్షణ తరగతుల్లో ఉండనీయండి. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర గిరిజనుల పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తాను ముందు సవర భాష నేర్చుకున్నారు, వాళ్ళకి వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవమని మన బడుల్లో దండలు వేస్తున్నాం. ఆ సాయంత్రమే ఇంటికి ‘తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా’ అని మొదలయ్యే కాగితం పంపితే ఆ దండకి అర్థం లేదు.

ఇంట్లో ఏ మాట ఉంటే అదే రాయండి. పుస్తకంలో రాగులు అని ఉంటుంది, మన ఇళ్ళల్లో చోళ్ళు అంటారు. బళ్ళో తాగే రాగిజావ, ఇంట్లో తాగే చోడి అంబలి ఒకే గింజతో చేసినవని తెలియని పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. ఉత్తరంలో ‘చోళ్ళు’ అని రాసి, పక్కన ‘పుస్తకంలో రాగులు’ అని చేర్చాను. అది చాలింది.

రాబోయే రోజులు

ఇది తేలికే. ఒక ఉత్తరంలో మూడుకు మించి పెట్టకండి. ఒక్కోదానికి నాలుగు సంగతులు కావాలి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు రావాలి, ఏం తేవాలి. ఏమీ తేనక్కర్లేకపోతే ‘ఏమీ తేవద్దు, డబ్బులు అక్కర్లేదు’ అని స్పష్టంగా రాయండి. బడి నుంచి కాగితం వచ్చిందంటే డబ్బులడుగుతున్నారేమోనని కూలికి పోయే ఇంట్లో మొదట భయపడతారు.

తేదీతోపాటు వారం, దాంతోపాటు పండగో సంతో ఒక గుర్తు పెట్టండి. ‘వచ్చే మంగళవారం’ అని మాత్రం రాయకండి. శుక్రవారం ఇంటికి చేరిన కాగితంలో ఆ మాట ఉంటే సగంమంది నాలుగు రోజులకే వస్తారు, సగంమంది ఆపై వారం వస్తారు. నా సమావేశం ఒకటి అలాగే రెండు ముక్కలైంది. పెద్దవాళ్ళు తేదీల కంటే పండగలతో లెక్కపెడతారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను కదా, విజయనగరం చుట్టుపక్కల ‘సిరిమాను అయిన మరుసటి వారం, గురువారం’ అంటే ఇక ఎవరూ పొరబడరు. శ్రీకాకుళం వైపు అరసవల్లి రథసప్తమి, ముఖలింగం శివరాత్రి ఉన్నాయి. ఈ గుర్తు పక్కనే అసలు తేదీ కూడా ఉండాలి, ఒకటి రాసి రెండోది వదిలేయొద్దు.

నులిపురుగుల మాత్రల రోజు గురించి నేనిలా రాస్తాను: ‘ఫిబ్రవరి 10, మంగళవారం. శివరాత్రి ఆదివారం కదా, దానికి ముందొచ్చే మంగళవారం. భోజనం అయ్యాక పిల్లలందరికీ నులిపురుగుల మాత్ర వేస్తాం. నమిలి మింగాలి. ఆ రోజు జ్వరంగానీ ఒంట్లో బాగోకపోవడంగానీ ఉంటే ముందే చెప్పండి, వేయం. బడికి రానివాళ్ళకి తర్వాత మరో రోజు వేస్తాం. ఏమీ తేవద్దు, డబ్బులు అక్కర్లేదు.’ ఈ మాత్రలు ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వేస్తారు. ముందుగా చెప్పకుండా వేస్తే ఊళ్ళో పుకార్లు లేస్తాయి, కాబట్టి రెండు వారాల ముందు నుంచే ఉత్తరంలో రాయాలి.

బడి యాజమాన్య కమిటీ సమావేశం ఉంటే ‘సభ్యులు హాజరుకావలెను’ అని వదిలేయకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులూ సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. ఆ సంగతి రాయండి, ఏ విషయం మాట్లాడబోతున్నారో కూడా రాయండి. మరుగుదొడ్డి తలుపు గురించి మాట్లాడతామంటే ఆడపిల్లల తల్లులు పని మానుకునైనా వస్తారు.

పంపేముందు

జిరాక్సుకి ఇచ్చేలోపు అయిదో తరగతి పిల్లను ఒకర్ని పిలిచి బయటకి చదవమనండి. బాగా చదివే పిల్లను కాదు, మామూలుగా చదివే పిల్లను. ఎక్కడ ఆగిందో అక్కడ మాట మార్చండి. రెండోసారి చదివించండి. ఈ పది నిమిషాలు మిగుల్చుకోవాలని చూస్తే మిగతా కష్టమంతా పోతుంది.

వాట్సాప్‌లో పెడితే సరిపోదా అని కొత్తగా వచ్చిన టీచర్లు అడుగుతారు. సరిపోదు. ఫోను వెరావల్‌లో తండ్రి జేబులో ఉంటుంది, పిల్ల ఇక్కడుంటుంది. గ్రూపులో పెట్టింది శుభోదయం బొమ్మల కింద గంటలో మునిగిపోతుంది. కాగితమైతే అన్నం మెతుకుతో తలుపుకి అంటించుకున్న ఇళ్ళు నేను చూశాను. వారమంతా కళ్ళముందుంటుంది. కాగితం ముందు, ఫోను తర్వాత. దూరాన ఉన్న తండ్రికోసం ఉత్తరం ఫోటో పెట్టి, దాన్నే మీ గొంతుతో చదివి వాయిస్ పెట్టండి. రెండు నిమిషాలు దాటకూడదు. పడవ మీదున్నవాడు సిగ్నల్ దొరికినప్పుడు వింటాడు, ఫోన్ చేసి కూతుర్ని ఆ ప్రశ్న అడుగుతాడు.

శుక్రవారం ఆఖరి పది నిమిషాల్లో కాగితాలు పంచే ముందు తరగతిలోనే ఉత్తరం చదివి వినిపించండి. ఇంట్లో ఏ ప్రశ్న అడుగుతారో పిల్లలకు ముందే తెలియాలి. ఇది పరీక్ష కాదు. జవాబు తెలిసిన ప్రశ్న ఇంట్లో ఎదురైతే పిల్ల ముఖం ఎలా వెలుగుతుందో ఇంట్లోవాళ్ళు చూడాలనే ఇదంతా చేస్తున్నాం.

సంతకం పెట్టి తిరిగి పంపమని కింద గీత గీయొద్దు. వేలిముద్ర వేసే అమ్మమ్మని ఇబ్బంది పెట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. దానికి బదులు సోమవారం ప్రార్థన అయ్యాక ‘ఇంట్లో ఎవరు అడిగారు?’ అని చేతులెత్తమనండి. ‘మా అప్ప అడిగింది’, ‘నాన్న ఫోన్లో అడిగాడు’ అని ఒకరిమీద ఒకరు పడి చెప్తారు. చెయ్యెత్తనివాళ్ళు నలుగురో అయిదుగురో ఉంటారు. వాళ్ళెవరో గుర్తుపెట్టుకోండి, అందరి ముందు ఏమీ అనకండి. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళ పక్కన కూర్చుని, యాభై రెండు రూపాయలు పట్టుకెళ్తే ఎంత మిగిలిందో మీరే అడగండి.